ప్రెషర్ సెల్‌లో రెసిస్టెన్స్ కొలవాలంటే: వైరు అతికించే దగ్గర్నుంచి 2 కెల్విన్ దాకా

ల్యాబ్‌లో కొత్తగా చేరారు. రాగి రంగులో మెరిసే, అరచేతిలో పట్టే సిలిండర్ ఒకటి, అంటే సాంపిల్‌ని లోపల పెట్టి నొక్కే ప్రెషర్ సెల్, మీ చేతిలో పెట్టి, ఇందులో సాంపిల్ వేసి రెండు గిగాపాస్కల్ దాకా రెసిస్టెన్స్ కొలిచి చూపించమన్నారు. పేపర్లలో అయితే ఈ పనంతా ప్రయోగ విధానం కింద నాలుగు వాక్యాల్లో తేలిపోతుంది. ఆ నాలుగు వాక్యాల వెనక నెలల పని ఉంటుంది, అందులో చాలాభాగం ఎక్కడా రాసి ఉండదు, సీనియర్ పక్కన కూర్చుని చూసి నేర్చుకోవాల్సిందే. అలా పక్కన కూర్చోబెట్టుకుని చూపించేవాళ్ళు లేనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఒకే పదార్థం పట్టుకుని వెళ్దాం, ఐరన్ సెలెనైడ్. ఇందులో అతివాహకత (సూపర్‌కండక్టివిటీ) ఉందని 2008లో తైవాన్‌లో బయటపడింది. మామూలు పీడనం దగ్గర 8, 9 కెల్విన్‌ల మధ్య దీని రెసిస్టెన్స్ సున్నాకి పడిపోతుంది. 9 గిగాపాస్కల్ దరిదాపుల్లో నొక్కి కొలిస్తే అదే మార్పు దాదాపు 37 కెల్విన్ దగ్గరే మొదలవుతుంది. రసాయనికంగా ఏమీ కలపలేదు, ఏమీ తీయలేదు, ఉన్న పరమాణువుల్నే దగ్గరికి జరిపాం, అంతే. నాకు ఈ పని మీద ఇంత ఇష్టం పుట్టడానికి కారణం ఇదే. 1987లో ద్రవ నైట్రోజన్ వేడిలోనే పనిచేసే మొదటి అతివాహకం దొరకడానికి దారి చూపింది కూడా ఇలాంటి కొలతే: లాంథనం ఉన్న కాపర్ ఆక్సైడ్‌ని నొక్కితే అతివాహక ఉష్ణోగ్రత బాగా పెరుగుతోందని పాల్ చూ బృందం గమనించింది, దాంతో లాంథనం బదులు దానికన్నా చిన్నదైన ఇట్రియం పెట్టి లోపలి నుంచే నొక్కినట్టు చేస్తే ఏమవుతుందని చూశారు, 90 కెల్విన్ దాటిపోయింది.

ముందు బలం ఎంతో తెలుసుకోవాలి

1 గిగాపాస్కల్ అంటే సుమారు 10,000 అట్మాస్ఫియర్లు. సముద్రంలో అన్నిటికన్నా లోతైన మరియానా ట్రెంచ్ అడుగున ఉండేది 1,100 దరిదాపు. దానికి తొమ్మిది పది రెట్లు మనం ఓ చిన్న గొట్టంలో పుట్టించబోతున్నాం. గొట్టం లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్లు అనుకోండి, వైశాల్యం 19.6 చదరపు మిల్లీమీటర్లు, అంటే ఒక్కో గిగాపాస్కల్‌కీ పిస్టన్ మీద రెండు టన్నుల బరువు పెట్టాలి. హైడ్రాలిక్ ప్రెస్‌తో ఇది కష్టమేమీ కాదు. కానీ ఏదైనా పగిలితే ఆ పిస్టన్ బుల్లెట్‌లా వస్తుంది, కాబట్టి ప్రెస్ చుట్టూ పాలీకార్బొనేట్ షీల్డ్ లేకుండా, కళ్ళద్దాలు లేకుండా, సెల్ అక్షానికి ఎదురుగా ముఖం పెట్టి ఎప్పుడూ నొక్కకండి. తొందరలో ఉన్న రోజైనా సరే, మీ గైడ్ పక్కనే నిలబడి తొందరపెడుతున్నా సరే.

సెల్ సాధారణంగా బెరీలియం కాపర్‌తో చేస్తారు. గట్టిది, అయస్కాంత గుణం దాదాపు ఉండదు, చల్లబరిచినా పెళుసుబారదు. లోపల నికెల్-క్రోమియం-అల్యూమినియం గొట్టం బిగించిన రెండు పొరల సెల్ అయితే 3 గిగాపాస్కల్ దగ్గరిదాకా పోవచ్చు, ఒట్టి బెరీలియం కాపర్ అయితే అంతకన్నా బాగా కిందే ఆగాలి. పిస్టన్ టంగ్‌స్టన్ కార్బైడ్. ఒక హెచ్చరిక: గీత పడిందని, ఇరుక్కుందని బెరీలియం కాపర్‌ని మీరే ఆకురాయితో రాయడం, ఎమరీ పేపర్ పెట్టి రుద్దడం చేయొద్దు. ఆ పొడి ఊపిరితిత్తులకి విషం. వర్క్‌షాప్‌లో తెలిసినవాళ్ళకే ఇవ్వండి.

సాంపిల్, నాలుగు వైర్లు

ఐరన్ సెలెనైడ్ పొరలు పొరలుగా ఉంటుంది, గూడూరు వైపు దొరికే అభ్రకం రేకు గోటితో విడదీసినట్టే దీన్నీ బ్లేడుతోనో టేపుతోనో విడదీయొచ్చు. అప్పుడే విడదీసిన తాజా ఉపరితలం మీదే కాంటాక్టులు పెట్టాలి, నిన్నటిది పనికిరాదు. ముక్క పొడవు ఒక మిల్లీమీటరు, వెడల్పు అర మిల్లీమీటరు, మందం 50 మైక్రాన్లు ఉంటే చాలా బావుంది.

నాలుగు వైర్లు ఎందుకో లెక్కేసి చూడండి, ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. గది ఉష్ణోగ్రతలో ఐరన్ సెలెనైడ్ విశిష్ట నిరోధం (రెసిస్టివిటీ) అర మిల్లీఓమ్-సెంటీమీటర్‌కి కాస్త తక్కువ. వోల్టేజ్ కాంటాక్టుల మధ్య అర మిల్లీమీటరు దూరం ఉంటే ఆ ముక్క రెసిస్టెన్స్ 90 మిల్లీఓమ్‌లు వస్తుంది. మీరు అతికించే 25 మైక్రాన్ల బంగారు వైరు ఒక్క సెంటీమీటరుకే 450 మిల్లీఓమ్‌లు ఉంటుంది. పైగా కాంటాక్ట్ రెసిస్టెన్స్ ఒకటో రెండో ఓమ్‌లు. రెండు వైర్లతో కొలిస్తే మీరు కొలిచేది వైర్లని, సాంపిల్‌ని కాదు. బయటి రెండు వైర్లలో కరెంటు పంపి, లోపలి రెండిట్లో వోల్టేజ్ చూస్తే ఆ గొడవ తప్పుతుంది, ఎందుకంటే వోల్ట్‌మీటర్ వైర్లలో కరెంటు దాదాపు పారదు.

కరెంటు కాంటాక్టుల్ని ముక్క చివర్లలో అడ్డంగా మొత్తం వెడల్పూ, అంచు మందమూ కప్పేలా పూయండి. పొరల పదార్థంలో ఇది మరీ ముఖ్యం, పై పొర మీద చుక్క పెట్టి వదిలేస్తే కరెంటు కింది పొరల్లోకి సరిగా దిగదు. వోల్టేజ్ కాంటాక్టులు మాత్రం ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. గది ఉష్ణోగ్రతలోనే ఆరే సిల్వర్ పేస్ట్ వాడండి. సెల్‌లో సాంపిల్ చుట్టూ మీరు పోయబోయే నూనెలో ఆ పేస్ట్ కరుగుతుందా లేదా అని ముందే, పాత ముక్క మీద ఒక చుక్క పెట్టి రాత్రంతా నూనెలో ముంచి చూడండి. ఈ ఒక్క పరీక్ష చేయక రెండు వారాల పని పోగొట్టుకున్నాను నేను.

మైక్రోస్కోప్ కింద ఫొటో తీసి, కాంటాక్టుల మధ్య దూరం, వెడల్పు, మందం అప్పుడే రాసుకోండి. విశిష్ట నిరోధంలో వచ్చే తప్పు ఎక్కువగా మందం కొలవడంలోంచే వస్తుంది, పది ఇరవై శాతం మామూలే. పీడనం వల్ల సాంపిల్ కుంచించుకుపోవడం కూడా ఉంటుంది గానీ, మొదటి ప్రయోగానికి దాన్ని పట్టించుకోకపోయినా నష్టం లేదు.

వైర్లు బయటికి తేవడం

నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ ప్రయోగాలు చచ్చిపోయేది ఇక్కడే. అంత పీడనం ఉన్న గొట్టంలోంచి పన్నెండో పదహారో వైర్లు బయటికి రావాలి, నూనె మాత్రం రాకూడదు. గొట్టం చివర మూసే ప్లగ్ మధ్యలో సన్నని రంధ్రం ఉంటుంది, అందులోంచి ఎనామిల్ పూత ఉన్న రాగి వైర్లు లాగి, స్టైకాస్ట్ 2850 ఎఫ్‌టీ ఎపాక్సీతో నింపుతారు. ఎపాక్సీ కలిపాక వాక్యూమ్‌లో పెట్టి గాలి బుడగలన్నీ పోయేదాకా ఆగాలి. ఒక్క బుడగ మిగిలినా ఒత్తిడి ఎక్కగానే అక్కడ కుంగి వైర్లని కోసేస్తుంది. ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. కరెంటు వైర్లు రెండూ ఒక జతగా, వోల్టేజ్ వైర్లు రెండూ ఒక జతగా మెలి పెట్టండి. ప్లగ్ అంచు దగ్గర ఎనామిల్ గీరుకుపోవడం చాలా మామూలు, కాబట్టి ఒక్కో వైరుకీ ప్లగ్ బాడీకీ మధ్య మల్టీమీటర్ పెట్టి ఎక్కడా షార్ట్ లేదని చూసుకున్నాకే సాంపిల్ జోలికి వెళ్ళండి.

సాంపిల్‌ని ప్లగ్ మీద అంటించే బదులు వైర్లే దాన్ని మోసేలా వదిలేస్తే మేలు, ఎందుకంటే అంటిస్తే చల్లబడినప్పుడు ఎపాక్సీ ఒకలా, సాంపిల్ ఒకలా కుంచించుకుని పక్కకి లాగుతుంది. వైర్లలో కొంచెం వదులు ఉంచండి. పీడనం పెరిగేకొద్దీ సాంపిల్ చుట్టూ ఉండే టెఫ్లాన్ కప్పు, అందులోని నూనె అన్నీ నొక్కుకుపోయి పొట్టిగా అవుతాయి, బిగుతుగా ఉన్న వైరు అప్పుడే తెగుతుంది.

సాంపిల్ పక్కనే సన్నని సీసం పట్టీ ఒకటి, దానికీ నాలుగు వైర్లు పెట్టండి. అది మన పీడన మాపకం, దాని సంగతి కిందికి వచ్చాక చెప్తాను. పట్టీని వీలైనంత సన్నగా, పొడవుగా కోయండి. 8 కెల్విన్ దగ్గర సీసం రెసిస్టెన్స్ మైక్రోఓమ్‌లలోకి పడిపోతుంది, లావుపాటి ముక్క పెడితే అది అతివాహకంగా మారిందో లేదో కూడా మీకు కనిపించదు.

నూనె, నొక్కడం

టెఫ్లాన్ కప్పు నిండా నూనె పోయాలి, గాలి బుడగ ఉండకూడదు. నూనె పని పీడనాన్ని అన్ని వైపుల నుంచీ సమానంగా పంచడం. డాఫ్నీ 7373 చాలామంది వాడతారు, గది ఉష్ణోగ్రతలో 2.2 గిగాపాస్కల్ దాకా ద్రవంగానే ఉంటుంది. అది దాటితే మీరు నొక్కుతున్నది గడ్డకట్టినదాన్ని, ఒక వైపు ఎక్కువ ఒక వైపు తక్కువ పడుతుంది, ఐరన్ సెలెనైడ్ లాంటి పొరల పదార్థం దాన్ని అస్సలు సహించదు. ఇంకా పైకి పోవాలంటే 3.7 దాకా ద్రవంగా ఉండే డాఫ్నీ 7474 ఉంది.

నొక్కేటప్పుడు అర టన్ను, అర టన్ను చొప్పున పెంచుతూ, ప్రతిసారీ నాలుగు వైర్ల రెసిస్టెన్స్ చూస్తూ వెళ్ళండి. మీటర్ ఆన్‌లోనే ఉండాలి. రీడింగ్ ఉన్నట్టుండి గెంతితే ఆగిపోండి. మీరు అనుకున్న బరువు చేరాక పై నట్ బిగించి ప్రెస్ వదిలేస్తే, సెల్ పీడనాన్ని లోపల పట్టుకుని ఉంటుంది. ప్రెస్ మీద మూడు టన్నులు చూపించింది కదా, 5 మిల్లీమీటర్ల గొట్టంలో 1.5 గిగాపాస్కల్ ఉందని రాసేసుకోవద్దు. రాపిడిలో కొంత పోతుంది, నట్‌కి మార్చినప్పుడు కొంత, చల్లబరిచినప్పుడు ఇంకొంత. డాఫ్నీ 7373తో అయితే గది ఉష్ణోగ్రత నుంచి కిందికి వచ్చేసరికే 0.15 నుంచి 0.2 గిగాపాస్కల్ దాకా తగ్గుతుంది. అందుకే తక్కువ ఉష్ణోగ్రతలో కొలిచిన పీడనమే అక్కడ జరిగిన దానికి లెక్క. సుమారు 100 కెల్విన్ కింద అది పెద్దగా మారదు, అక్కడి నుంచి పైకి వెళ్ళేకొద్దీ నిజమైన పీడనం మీరు రాసినదానికన్నా కొంచెం ఎక్కువగానే ఉంటుందని గుర్తుంచుకోండి.

పీడనం ఎంతో సీసం చెప్తుంది

సీసం మామూలుగా 7.2 కెల్విన్ దగ్గర అతివాహకం అవుతుంది. ఒక్కో గిగాపాస్కల్‌కీ ఆ ఉష్ణోగ్రత సుమారు 0.36 కెల్విన్ తగ్గుతుంది. మీ సీసం 6.66 దగ్గర పడిపోయిందంటే, 0.54ని 0.36తో భాగిస్తే 1.5 గిగాపాస్కల్. ఇంత తేలిక. ఆ పడిపోవడం ఎంత నిటారుగా ఉందో కూడా చూడండి. వాలుగా సాగదీసినట్టు ఉంటే లోపల పీడనం సమానంగా లేదన్నమాట.

ఇక్కడ నేను పడిన దెబ్బ ఒకటి చెప్పాలి. ముందురోజు ఎవరో అదే క్రయోస్టాట్‌లో (సెల్‌ని పెట్టి చల్లబరిచే యంత్రం) అయస్కాంత క్షేత్రాన్ని 9 టెస్లాల దాకా పెంచి తిన్నగా సున్నాకి దించి వెళ్ళారు. స్క్రీన్ మీద సున్నా అనే ఉంది. కానీ సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్‌లో పదుల గాస్‌ల క్షేత్రం మిగిలిపోతుంది. సీసం క్రిటికల్ ఫీల్డ్ (అతివాహకత పోయే క్షేత్రం) మొత్తం 800 గాస్, 7 కెల్విన్ దగ్గర ఒక్కో కెల్విన్‌కీ సుమారు 220 గాస్ చొప్పున అది మారుతుంది. అంటే 20 గాస్ మిగిలితే చాలు, సీసం పడిపోయే ఉష్ణోగ్రత 0.09 కెల్విన్ తగ్గుతుంది, మీరు దాన్ని 0.25 గిగాపాస్కల్ ఎక్కువ పీడనం అనుకుంటారు. నేను అలాగే అనుకుని మూడు వారాల డేటాకి తప్పు పీడనం రాశాను, మళ్ళీ అన్నీ కొలవాల్సి వచ్చింది. కాబట్టి సీసం కొలిచే ముందు క్షేత్రాన్ని అటూ ఇటూ ఊపుతూ తగ్గించి సున్నాకి తెండి, చాలా యంత్రాల్లో దానికి ఆసిలేట్ మోడ్ ఉంటుంది. వీలైతే పీడనం లేకుండా అదే సీసాన్ని ఒకసారి కొలిచి, మీ థర్మామీటర్ దగ్గర 7.2 నిజంగా 7.2గా వస్తోందో చూసుకోండి.

చల్లబరచడం

సెల్ బరువైన లోహపు ముద్ద, లోపల నూనె, టెఫ్లాన్. క్రయోస్టాట్ థర్మామీటర్ కింద ఎక్కడో ఉంటుంది, అది 50 కెల్విన్ అన్నప్పుడు సాంపిల్ 55లో ఉండొచ్చు. సెల్ బాడీకి, సాంపిల్ ఎత్తులో, సెర్నాక్స్ థర్మామీటర్ ఒకటి సొంతంగా కట్టుకోండి, ఆ రీడింగ్‌నే నమ్మండి. నిమిషానికి 0.5 కెల్విన్‌కి మించకుండా దించండి. 300 నుంచి 2 దాకా పది గంటలు పడుతుంది, సాయంత్రం పెట్టి వెళ్తే పొద్దునకి అయిపోతుంది. వేగంగా దించితే నూనె ఒక పక్క ముందు గడ్డకట్టి లోపల పీడనం వంకరగా మిగిలిపోతుంది. సీసం, సాంపిల్ మారే చోట నిమిషానికి 0.05 లేదా 0.1 చాలు.

దిగేటప్పుడు ఒకసారి, పైకి వచ్చేటప్పుడు ఒకసారి రికార్డు చేయండి. ఉష్ణోగ్రతతో రెసిస్టెన్స్ ఎలా మారిందో చూపించే రెండు గీతలూ పక్కపక్కన విడివిడిగా వస్తే, వేగం సగం చేసి మళ్ళీ చూడండి. దగ్గరికి వస్తే అది థర్మామీటర్ వెనకబడటం, అలాగే ఉంటే అది పదార్థం గుణం.

కరెంటు విషయానికొస్తే, 1 మిల్లీఆంపియర్‌తో మొదలుపెట్టండి. గది ఉష్ణోగ్రతలో 90 మైక్రోవోల్టులు వస్తాయి, హాయిగా కొలవొచ్చు. 10 కెల్విన్‌కి వచ్చేసరికి రెసిస్టెన్స్ ఇరవయ్యో వంతు దరిదాపుకి తగ్గుతుంది, చేతిలో మిగిలేది నాలుగైదు మైక్రోవోల్టులు. పైన 300 కెల్విన్, కింద 2 కెల్విన్ ఉన్న వైర్లలో ఉష్ణోగ్రత తేడా వల్లే అంత వోల్టేజ్ పుడుతుంది. అందుకే కరెంటుని ఒకసారి ఇటు, ఒకసారి అటు పంపి, రెండు రీడింగుల తేడాలో సగం తీసుకోవాలి, వైర్లలో పుట్టినది కొట్టుకుపోతుంది. లాక్-ఇన్ (ఒకే ఫ్రీక్వెన్సీలోని వోల్టేజ్‌ని ఏరి కొలిచే యంత్రం) వాడితే 17 హెర్ట్జ్ లాంటి ఫ్రీక్వెన్సీ పెట్టండి, మెయిన్స్ కరెంటు 50 హెర్ట్జ్‌కీ దాని గుణిజాలకీ దూరంగా ఉండాలి. మార్పు దగ్గర 1 మిల్లీఆంపియర్‌తో ఒకసారి, అర మిల్లీఆంపియర్‌తో ఒకసారి కొలవండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే సాంపిల్ వేడెక్కడం లేదు.

గీత వచ్చాక

పీడనం లేనప్పుడు ఐరన్ సెలెనైడ్ గీతలో 90 కెల్విన్ దగ్గర చిన్న వంపు కనిపించాలి, అక్కడ దాని స్ఫటిక నిర్మాణం మారుతుంది. కంటికి ఆనకపోతే గీత వాలుని లెక్కగట్టి గీయండి, స్పష్టంగా తెలుస్తుంది. నొక్కేకొద్దీ ఆ వంపు కిందికి జారుతుంది, అతివాహక ఉష్ణోగ్రత మొత్తం మీద పైకి పోతుంది. 1 గిగాపాస్కల్ అటూ ఇటూ అది కాస్త తగ్గి మళ్ళీ పెరుగుతుంది, అది చూసి మీ ప్రయోగం చెడిందని కంగారు పడకండి, చాలామందికి అలాగే వచ్చింది. 0.2, 0.3 చొప్పున దగ్గర దగ్గరగా పీడనాలు తీసుకుంటేనే ఆ చిన్న పల్లం కనిపిస్తుంది.

అతివాహక ఉష్ణోగ్రత అని ఒక అంకె రాసేటప్పుడు అది పడటం మొదలైన చోటా, సగంలోనా, సున్నా అయిన చోటా అన్నది తప్పకుండా చెప్పండి. సున్నా అంటే కూడా మీ మీటర్ నాయిస్‌కన్నా తక్కువ అని అర్థం, ఆ నాయిస్ ఎంతో రాయండి. ఇంకో మాట, రెసిస్టెన్స్ సున్నా అయినంత మాత్రాన ముక్క మొత్తం అతివాహకం కాదు. దారం లాంటి ఒక్క దారి దొరికితే చాలు, కరెంటు మొత్తం దాంట్లోంచే పోతుంది. కరెంటు పెంచితే మార్పు చెదిరిపోతోందా, అయస్కాంత క్షేత్రంలో ఎలా కదులుతోంది, ససెప్టిబిలిటీలో (అయస్కాంత క్షేత్రానికి పదార్థం స్పందించే తీరు) కూడా కనిపిస్తోందా అన్నవి చూడాలి. గది వేడిలో అతివాహకత అంటూ 2023లో నేచర్‌లో వచ్చిన లుటీషియం హైడ్రైడ్ పేపర్‌ని అదే ఏడాది నవంబరులో వెనక్కి తీసుకున్నారు, అందులోని రెసిస్టెన్స్ డేటా మీదే ప్రశ్నలు వచ్చాయి. మీ ముడి డేటాని, ఏమీ తీసేయకుండా, దిద్దకుండా, తేదీతో సహా దాచండి. పదేళ్ళ తర్వాత ఎవరైనా అడిగినా ఇవ్వగలగాలి.

తర్వాతి పీడనానికి వెళ్ళాలంటే సెల్‌ని పూర్తిగా గది ఉష్ణోగ్రతకి తీసుకురావాలి, చల్లగా ఉండగా నొక్కొద్దు. ఒక్కో పీడనానికి రెండు రోజులు వేసుకోండి. ఎక్కే దారిలోనే కొలతలన్నీ తీసుకోండి, దిగేటప్పుడు రాపిడి వల్ల ప్రెస్ రీడింగ్‌కీ లోపలి పీడనానికీ పొంతన ఉండదు.

అన్నీ అయ్యాక పీడనం మొత్తం వదిలేసి, సెల్ విప్పకుండానే ఇంకోసారి 2 కెల్విన్ దాకా కొలవండి. చాలామంది అలిసిపోయి ఇది వదిలేస్తారు. మొదట పీడనం లేకుండా తీసిన గీత మీద ఇది పడితే, మధ్యలో మీరు చూసిన మార్పులన్నీ పీడనం వల్లే వచ్చాయని నమ్మకంగా చెప్పొచ్చు. పడకపోతే సాంపిల్ పగిలిందో, కాంటాక్ట్ జరిగిందో వెతకాలి, పాత మైక్రోస్కోప్ ఫొటో అప్పుడే పనికొస్తుంది. ఆ తర్వాత సెల్ విప్పి, నూనె తుడిచి, గొట్టం లోపలి వ్యాసం బోర్ గేజ్‌తో కొలిచి లాగ్‌బుక్‌లో రాయండి. కిందటిసారికన్నా ఒక వందో వంతు మిల్లీమీటరు పెరిగినా సరే, ఈసారి ఎక్కిన పీడనం దాకా ఆ సెల్‌ని మళ్ళీ తీసుకెళ్ళొద్దు.